మన్ననూరు గేటు దాటాక



హైదరాబాద్‌లో సైకిల్ అనగానే చాలామందికి నగరం పడమటి దిక్కే గుర్తుకొస్తుంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. పైన సోలార్ పలకలతో కప్పు. 2023 అక్టోబరు 1న దాన్ని ప్రారంభించారు. తూర్పున ఉండే మాకు, అంటే నాగోల్, ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వాళ్లకు అలాంటిదేమీ లేదు. మా దగ్గర మూసీ ఉంది, మెట్రో డిపో ఉంది, క్రికెట్ స్టేడియం ఉంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలైన ఫ్లైఓవర్ పనుల దుమ్ము ఏళ్ల తరబడి మింగాం. అయినా మా వైపు సైకిల్ తొక్కేవాళ్లు తక్కువేం కాదు. ట్రాకు లేదు కాబట్టి తిన్నగా రోడ్డే పట్టుకుంటాం. వరంగల్ హైవే మీద ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి భువనగిరి గుట్ట దాకా పోయొచ్చేవాళ్లున్నారు. సాగర్ రోడ్డెక్కి ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా రాచకొండ గుట్టల్లోకి దూరేవాళ్లున్నారు. నా మనసున్న దారి మాత్రం ఇంకోటి. నల్లమల గుండా శ్రీశైలం పోయే దారి. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి కృష్ణ ఒడ్డు దాకా 60 కిలోమీటర్లకు పైగా అడవే. ఈ రోజు ఆ దారి గురించి మీతో మాట్లాడాలని వచ్చాను.

ఆ దారి మీలో చాలామందికి తెలిసిందే. కార్తీకంలోనో శివరాత్రికో మల్లన్న దర్శనానికి వెళ్లే ఉంటారు. బస్సులో అయితే మన్ననూరు దాటాక ఓ కునుకు తీస్తారు, కళ్లు తెరిచేసరికి డ్యామ్ దగ్గర మలుపులు తిరుగుతుంటారు. కారులో అయితే అద్దాలు ఎక్కించి, ఏసీ వేసి, గంటన్నరలో అడవి ముగించేస్తారు. అదే అడవి సైకిల్ మీద ఒక పూట పడుతుంది. ఎక్కుళ్లలో నడక వేగానికి దిగిపోతాం. ఆ నిదానంలోనే అడవి మనకు కనబడుతుంది, వినబడుతుంది, వాసన తెలుస్తుంది. అందుకే ఆ దారిని నేను సైకిల్ మీదే చూడాలనుకుంటాను.

నేను తొక్కేది మౌంటెన్ బైక్. మందపాటి టైర్లు, ముందు చక్రానికి షాకప్‌లు, డిస్క్ బ్రేకులు. ఈ రకం సైకిళ్లు 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని టమాల్‌పాయిస్ కొండ మీద పుట్టాయి. అక్కడి కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను కొండ మీదికి తీసుకెళ్లి మట్టిదారిలో దూకించేవాళ్లు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఆ పనికోసమే ప్రత్యేకంగా ఫ్రేమ్ తయారుచేశాడు. 1981 నాటికి ఫ్యాక్టరీ సైకిళ్లు దుకాణాల్లోకి వచ్చాయి. అక్కడది ఆట. మన దగ్గర మాత్రం అడవి దారిలో సైకిల్ ఎప్పటినుంచో బతుకుతెరువు. ఫారెస్టు ఉద్యోగులు, తపాలా పంచేవాళ్లు, బట్టల మూట వెనక క్యారియర్‌కు కట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మేవాళ్లు గేర్లు లేని నల్ల సైకిళ్ల మీదే ఆ గతుకుల్లో తిరిగారు. వాళ్ల ముందు మాది గొప్పేమీ కాదు. ఈ మాట ముందే చెప్పుకోవడం న్యాయం.

నాగోల్ నుంచి బయల్దేరితే తొలి గంట నగరంలోనే పోతుంది. ఎల్బీనగర్, సాగర్ రింగ్ రోడ్డు, ఒవైసీ ఆసుపత్రి చౌరస్తా, చాంద్రాయణగుట్ట. పహాడీషరీఫ్ ఎత్తెక్కి దిగి తుక్కుగూడ దగ్గర ఔటర్ కింద నుంచి బయటపడితే గానీ ఊపిరి ఆడదు. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. లారీలు అప్పటికింకా నిద్ర మత్తులో ఉంటాయి. కడ్తాల్ దగ్గర మైసిగండి మైసమ్మ గుడి ముందు తెల్లారుతుంది. డ్రైవర్లు బండి ఆపి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టుకుని పోతుంటారు. మేమూ ఆగుతాం. ఆ తర్వాత ఆమనగల్లు, వెల్దండ, కల్వకుర్తి. నాలుగు వరసల కోసం వెడల్పు చేసిన చోట్లా, ఇంకా చేయని చోట్లా మందపాటి టైర్లు తారు మీద గుయ్యిమంటూ తిరుగుతాయి. పల్చటి టైర్ల రోడ్డు సైకిలైతే ఇంకా త్వరగా పోవచ్చు. కానీ లారీ హారన్ కొట్టినప్పుడు భయం లేకుండా మట్టి అంచులోకి దిగగలిగేది ఈ సైకిలే.

ఆ సగం దారిలో నేను మనసు పెట్టి చూసేది డిండి ఒక్కటే. దుందుభి నదికి కట్టిన చెరువు అది, నిజాం కాలపు కట్ట. రోడ్డు కట్ట పక్కనే పోతుంది. వాన బాగా పడిన ఏడు మత్తడి దూకుతుంటే జనం బండ్లాపి చేపలు కొనుక్కుంటారు. అక్కడ ఇడ్లీ తిని, సీసాలు నింపుకుని, హాజీపూర్ చౌరస్తా చేరితే కొండలు ఎదురుగా లేస్తాయి. అచ్చంపేటకు కుడివైపు, శ్రీశైలానికి ముందుకు. ఆ కొండల్లోనే రంగాపూర్ పైన ఉమామహేశ్వరం ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పెద్దలు చెప్పేది దాన్నే. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం. శ్రీశైలం పోయేవాళ్లు ఏ దిక్కు నుంచి వచ్చినా ముందు ఒక ద్వారం దగ్గర తలవంచి లోపలికి రావాలని ఆ ఏర్పాటు చేసినవాళ్లు ఎవరో గానీ, అడవి సంగతి బాగా తెలిసినవాళ్లు.

ఇప్పటి ద్వారం మన్ననూరు చెక్‌పోస్టు. ఘాట్ ఎక్కి, ప్రతాపరుద్రుని కోట ఉన్న గుట్టల పక్కగా పైకొస్తే అమ్రాబాద్ పీఠభూమి మొదలవుతుంది. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, పొద్దున ఆరింటికి తీస్తారు. ఆ తొమ్మిది గంటలు లోపలికి బండి పోవడానికి వీల్లేదు. దీని మీద విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. గేటు ముందు వరసలో కార్లు నిలిపి, ఐదు నిమిషాలు ముందు తీస్తే ఏం పోతుందని ఫారెస్టు సిబ్బందితో తగువేసుకుంటారు. ఏం పోతుందో చెబుతాను.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఇదొకటి. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి భాగం అమ్రాబాద్ అయింది. పులి, చిరుత, గుడ్డెలుగు, రేసుకుక్కలు, కణితి, దుప్పి, మనుబోతు, కొండగొర్రె అన్నీ ఉన్న అడవి. వీటిలో కొన్ని ఎక్కువగా చీకట్లోనే తిరుగుతాయి. మన దారి వాటి ఇంటి మధ్యలోంచి పోతోంది. నీళ్లకు ఒక పక్క, మేతకు ఇంకో పక్క. రోడ్డు దాటకుండా వాటికి పూట గడవదు. హెడ్‌లైటు వెలుగు కళ్లల్లో పడ్డ దుప్పి కదలకుండా అక్కడే నిలబడిపోతుంది. బండి ఆగేలోపు అయిపోతుంది. గేటు వేసిన ఆ తొమ్మిది గంటలే వాటికి నిశ్చింతగా రోడ్డు దాటే సమయం. ఐదు నిమిషాలు ముందు తీయమని అడిగేది, ఆ సమయంలోంచి ఐదు నిమిషాలు మనకివ్వమని అడగడమే.

అందుకే మేం నాగోల్ నుంచి ఒక్క రోజులో శ్రీశైలం చేరాలన్న పంతం పెట్టుకోం. దూర ప్రయాణాల సైకిల్ రైడ్లు నగరంలో జరుగుతుంటాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 అయితే ఇరవై గంటల్లో ముగించాలన్న అంతర్జాతీయ నియమాలతో నడుస్తాయి. అవి చేసేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ అడవిని గడియారంతో దాటకూడదు. మొదటి రోజు మన్ననూరు చేరి అక్కడో, వెనక్కి అచ్చంపేటలోనో రాత్రి ఉండాలి. రెండో రోజు పొద్దున గేటు తీశాక, ముందు కార్లన్నీ పోనిచ్చి, ఆ హడావిడి సద్దుమణిగాక సైకిల్ ఎక్కాలి.

కార్లు పోయాక అడవి మళ్లీ తేరుకోవడానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. మొదట పిట్టలు. తర్వాత ఎక్కడో ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు. తర్వాత దూరంగా నెమలి. టైరు చప్పుడు తప్ప మన దగ్గర చప్పుడు లేదు కాబట్టి, మనం వస్తున్న సంగతి జంతువులకు ఆలస్యంగా తెలుస్తుంది. ఇది మంచిదీ, ప్రమాదమూ రెండూ. మలుపు తిరిగేసరికి దుప్పుల మంద రోడ్డు మధ్యలో నిలబడి ఉండొచ్చు. గుడ్డెలుగు కూడా ఉండొచ్చు. అందుకే గుడ్డి మలుపుల దగ్గర బెల్లు కొట్టుకుంటూ పోవాలని ఫారెస్టు వాచర్ ఒకాయన నాకు నేర్పాడు. పాటలు పెట్టుకోవద్దన్నాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలే వద్దన్నాడు. రెండు మాటలూ నేను పొల్లుపోకుండా పాటిస్తున్నాను.

నల్లమల ఆకురాల్చే అడవి. ఎండాకాలంలో చూసినవాళ్లకు బూడిదరంగు కట్టెల మోడులా ఉంటుంది. మాఘ, ఫాల్గుణాల్లో మోదుగ పూస్తుంది, ఆ పూల కింద రోడ్డు అంచు ఎర్రబడుతుంది. తర్వాత ఇప్ప రాలుతుంది, తెల్లారకముందే ఏరుకోవడానికి మనుషులూ ఎలుగులూ పోటీ పడతారు. వానలు పడ్డాక అదే అడవిని గుర్తుపట్టలేం. టేకు ఆకు విప్పుకుని పైన కప్పేస్తుంది. నల్లమద్ది, నారేప, చిరుమాను, తునికి, వెదురు. బిల్లుడు చెక్క వాసన ఒకసారి పట్టుకుంటే మళ్లీ మరవరు. తొలకరిలో ఆరుద్ర పురుగులు రోడ్డు పక్క మట్టిలో ఎర్రగా నడుస్తుంటాయి. రోకలిబండలు తారు దాటుతుంటాయి. వాటిని తప్పించుకుంటూ హ్యాండిల్ తిప్పడంతోనే ఆ రోజుల్లో సగం దారి గడిచిపోతుంది. కారు టైరు కింద ఎన్ని పోతాయో రోడ్డు మీద మచ్చలు చూస్తే తెలుస్తుంది. రోజుకు వేల బండ్లు పోయే దారిలో కొండచిలువ, ఉడుత, తాబేలు, పిల్లకోతి, ఏదో ఒకటి నలిగి కనబడని పొద్దు లేదు.

కోతుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జనం పుణ్యమనుకుని కారు ఆపి అరటిపండ్లు, బిస్కట్లు, పేలాలు విసురుతారు. కోతులు అడవిలోకి పోవడం మానేసి రోడ్డు పక్కనే కాపురం పెట్టాయి. చార, తునికి, ఉసిరి, మేడి పండ్లు తిని ఆ గింజల్ని అడవంతా చల్లాల్సిన జంతువులు అవి. ఇప్పుడు చిప్స్ సంచుల కోసం టైర్ల కిందికి పరిగెత్తుతున్నాయి. పొట్ట మీద పిల్లను కరుచుకున్న ఒక తల్లికోతి, కదులుతున్న కారు అద్దానికి వేలాడడం నా కళ్లారా చూశాను. లోపలివాళ్లు నవ్వుతూ ఫోన్‌లో తీస్తున్నారు. దయచేసి అలా పెట్టకండి. మల్లన్న దగ్గరికి పోయే దారిలో ఇంతకన్నా పుణ్యం ఇంకొకటి అక్కర్లేదు.

ఫరహాబాద్ గేటు దగ్గర కాసేపు ఆగుతాం. నిజాం కాలంలో అది వేట విడిది. ఇప్పుడు అక్కడినుంచి అటవీశాఖవాళ్లు జీపుల్లో సఫారీ తిప్పుతారు. లోపలి మట్టి దారులు చూస్తే మౌంటెన్ బైకున్నవాడికి కాళ్లు లాగుతాయి. కానీ అది పులుల కోర్ ప్రాంతం, సైకిల్‌తో దూరడానికి లేదు. అనుమతి లేకుండా పక్కదారుల్లోకి పోయి వీడియోలు తీసి పెట్టేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఈ ఫరహాబాద్‌కు మా ఉప్పల్ వైపుతో ఒక చుట్టరికం ఉంది. మూషిక జింక తెలుసు కదా, కుందేలంత ఉండే చిన్న జింక. ఈ అడవుల్లో అరుదైపోతే, ఉప్పల్ రోడ్డులో హబ్సిగూడ దగ్గరున్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు, నెహ్రూ జూ పార్కువాళ్లు కలిసి వాటిని పెంచారు. 2017లో తొలి జింకల్ని తెచ్చి ఇక్కడే విడిచిపెట్టారు. రోజూ ఆ సీసీఎంబీ గేటు ముందు నుంచే ఆఫీసులకు పోతుంటాం. అక్కడివాళ్లు చేసిన పనికి ఫలం ఇక్కడ పొదల్లో తిరుగుతోంది. ఈ మాట తలుచుకుంటే నాకు ఎంతో సంతోషం.

ఒకసారి ఫరహాబాద్ దాటాక మా వెనక టైరు పంక్చరైంది. నాతో వచ్చినవాడు నాచారం పారిశ్రామికవాడలో లేతు మిషన్ మీద పనిచేసే తమ్ముడు. చేతులు ఎప్పుడూ పనిని వెతుక్కుంటుంటాయి. "అన్నా, నువ్వు రోడ్డు చూడు, నేను టైరు చూస్తా" అని సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టాడు. చక్రం విప్పి, రెండు లివర్లతో టైరు అంచు లేపి, ట్యూబు బయటికి లాగాడు. గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. గాలి చెంపకు తగిలిన చోట వేలు పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరనిచ్చాడు. ఆరేదాకా ఊరుకోకుండా టైరు లోపల వేళ్లతో తడిమాడు. తుమ్మముల్లు మొన విరిగి రబ్బరులో ఉండిపోయింది. దాన్ని గోళ్లతో పీకలేక పళ్లతో పట్టి లాగాడు. అది తీయకుండా ట్యూబు మాత్రం అతికితే మళ్లీ అరగంటలో అదే చోట పోతుంది. ప్యాచ్ వేసి, టైరు ఎక్కించి, గాలి నింపేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు నేను రోడ్డు చూస్తున్నాను. మధ్యలో ఒక దుప్పి కూత వినిపించింది. ఒక్కటే, బిగ్గరగా. వెంటనే పైన చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. పులో చిరుతో ఎక్కడో కదిలిందని అర్థం. తమ్ముడు తల ఎత్తి నా మొహం చూసి, మాట్లాడకుండా పంపు ఇంకాస్త గట్టిగా కొట్టాడు. ఏమీ కనబడలేదు. కనబడాల్సిన పనీ లేదు. అక్కడుందని తెలియడమే నాకు చాలింది.

వటవర్లపల్లి వచ్చేసరికి ఆకలి. మల్లెల తీర్థం జలపాతానికి పక్కదారి ఇక్కడే చీలుతుంది. రోడ్డు పక్క హోటల్లో ఒక పెద్దమ్మ టీ పోస్తూ, "ఏడికెళ్లి వస్తున్నరు బిడ్డా?" అని అడిగింది. "నాగోల్ కెళ్లి అవ్వా, పట్నం" అన్నాను. "గంత దూరం కెళ్లి సైకిల్ మీదనా? బస్సులు బందైనయా?" అంది. ఆమెకు నిజంగానే అనుమానం వచ్చింది. కాదవ్వా, అడవి చూద్దామని వచ్చామంటే, కాసేపు మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "చూడుర్రి మరి. పొద్దుగూకక ముందే డ్యాం దిగుర్రి. గుడ్డెలుగులు నీళ్లకొస్తయి" అని ఇంకో రెండు మిరపకాయ బజ్జీలు పెట్టింది. వాటికి డబ్బులు తీసుకోలేదు.

ఈ అడవి అసలు వాసులు చెంచులు. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల లాంటి పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఈ రోడ్డుకు దూరంగా లోపలెక్కడో ఉంటాయి. వాళ్లు మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. ఎత్తైన కొండ చరియల నుంచి తాళ్ల మీద వేలాడి తేనె తీస్తారు, తపసి జిగురు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. వీళ్ల గురించి తొలి వివరమైన పుస్తకం రాసింది క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదన్న కట్టడిలో ఉండి, 1940లో భార్య బెట్టీతో కలిసి ఈ అమ్రాబాద్ కొండలెక్కాడు. చెంచుల గుడిసెల మధ్య ఉండి వాళ్ల బతుకు రాశాడు. 1943లో ఆ పుస్తకం వచ్చింది. ఆయన చెప్పిన మీదటే నిజాం ప్రభుత్వం చెంచుల కోసం ఇక్కడ కొంత అడవిని ప్రత్యేకంగా కేటాయించింది.

ఎనభై ఏళ్ల తర్వాత ఆ చెంచులే ఈ అడవికి పెద్ద గండం తప్పించినవాళ్లలో ముందున్నారు. యురేనియం కోసం నల్లమలలో బోర్లు వేస్తారన్న వార్త వచ్చినప్పుడు అమ్రాబాద్, పదర ఊళ్లు రోడ్డెక్కాయి. ఈ మన్ననూరు రోడ్డు మీదే బైఠాయించారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నగరాల నుంచి రచయితలు, కళాకారులు, విద్యార్థులు గొంతు కలిపారు. అది నిజమే, మంచిదే. కానీ ముందు లేచింది పెంటల్లోని మనుషులు.

వటవర్లపల్లి నుంచి దోమలపెంట దాకా ఎక్కుళ్లు, దిగుళ్లు. ఇక్కడ గేర్ల పని తెలుస్తుంది. ఎక్కుడు కనబడగానే పళ్లు కొరికి తొక్కేవాళ్లు నాలుగో గుట్టకు కూలబడతారు. ఎక్కుడు మొదలవకముందే చిన్న గేరులోకి మారి, సీటు మీంచి లేవకుండా, శ్వాస లెక్కలో తొక్కుతుంటే గుట్ట దానంతటదే వెనక్కి పోతుంది. నీళ్లు దప్పికయ్యేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతుండాలి. మనిషికి కనీసం మూడు లీటర్లు, ఉప్పూ చక్కెరా కలిపి. పల్లీ పట్టీలు, ఖర్జూరాలు జేబులో. ఫోన్ సిగ్నల్ చాలా మేర ఉండదు కాబట్టి ఒంటరిగా పోవద్దు. దోమలపెంటకు ముందు కృష్ణ మలుపులు కనబడే వ్యూపాయింట్ ఉంది. ఒక్కసారిగా చెట్లు తొలగి, కింద లోయలో నీళ్లు కొండల మధ్యకు పాయలు పాయలుగా చొచ్చుకుపోయి కనిపిస్తాయి.

దోమలపెంటలో నేను సైకిల్ దిగి కాసేపు నడుస్తాను. శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తీసుకుపోవడానికి తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం ఇక్కడే మొదలవుతుంది. 44 కిలోమీటర్ల సొరంగం. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, వాళ్లెవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పనికి వచ్చినవాళ్లు. ఇంకొంచెం ముందుకు పోతే ఈగలపెంట. అక్కడి జెన్‌కో ఉద్యోగులు పనిచేసే ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. నాగోల్‌లో మా ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే ఆ కరెంటులో ఈ కొండ లోపలి 900 మెగావాట్ల యంత్రాల వాటా కూడా ఉంటుంది. కొండపైన దారి ఎంత బాగున్నా, కొండలోపల ఏం జరిగిందో తలుచుకోకుండా అక్కడినుంచి కదలలేను.

ఈగలపెంట దాటాక ఘాట్ దిగుడు. ఇది ఒక్కటే నేను భయపడే చోటు. హెయిర్‌పిన్ మలుపులు, కింద నుంచి మొత్తం మలుపు తీసుకుంటూ పైకొచ్చే బస్సులు. బ్రేకులు పట్టి ఉంచకూడదు, వేడెక్కి జారిపోతాయి. పట్టి వదులు, పట్టి వదులు. బరువు వెనక్కి, చూపు మలుపు చివరికి. దిగుతుంటే ఒక మలుపులో డ్యామ్ మొత్తం కళ్లముందుకు వస్తుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట. 512 మీటర్ల పొడవు, 12 గేట్లు. గేట్లు ఎత్తిన రోజుల్లో నీటి పొగ వంతెన మీదికి కొడుతుంది, కానీ ఆ రోజుల్లో సైకిల్ మీద రావద్దు. కార్ల బారు కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఘాట్‌లో కాలు పెట్టే సందు ఉండదు. వంతెన దాటితే లింగాలగట్టు, ఆంధ్రప్రదేశ్. అక్కడినుంచి సున్నిపెంట మీదుగా శ్రీశైలం దాకా మళ్లీ ఎక్కుడే. అప్పటికి కాళ్లల్లో సత్తువ ఉండదు. శివమాల వేసుకుని రోజుల తరబడి నడిచొచ్చే స్వాములు అదే ఎక్కుడు చెప్పుల్లేకుండా ఎక్కుతుంటారు. వాళ్లను చూశాక సైకిల్ నెట్టుకుంటూ పోవడం కష్టమనిపించదు.

ఇక నేను ఈ మైకు ముందుకు రావడానికి అసలు కారణం చెబుతాను. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా అడవి మీదుగా స్తంభాల మీద ఎలివేటెడ్ కారిడార్ కట్టాలన్న ప్రతిపాదన కొంతకాలంగా నడుస్తోంది. బండ్లు పైన పోతే జంతువులు కింద స్వేచ్ఛగా తిరుగుతాయని అంటున్నారు. ఆ మాటలో నిజం ఉంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సరిహద్దులో పెంచ్ పులుల అడవి దగ్గర హైవే కింద జంతువుల కోసం దారులు వదిలి కట్టారు, పులులు వాటి కింద నుంచి దాటుతున్నాయి కూడా. కానీ కట్టేటప్పుడు ఏళ్ల తరబడి అడవిలో జరిగే యంత్రాల రొద, నరికే చెట్లు, కట్టాక రాత్రంతా గేటు లేకుండా పెరిగే బండ్ల సంఖ్య, ఇవి కూడా లెక్కలోకి రావాలి. ఉప్పల్–నారపల్లి స్తంభాల కింద బతికిన మాకు, పని మొదలవడానికీ పూర్తవడానికీ మధ్య ఎన్నేళ్లుంటాయో తెలుసు. నగరంలో అయితే దుమ్ము మింగి సర్దుకుంటాం. దుప్పి సర్దుకోలేదు.

నా అభిప్రాయం ఇది. పై వంతెన కట్టేదాకా ఆగకుండానే చేయగలిగినవి ఉన్నాయి. వేగం తగ్గించడం, జంతువులు దాటే చోట్ల గట్టిగా స్పీడ్ బ్రేకర్లు వేయడం, సొంత కార్లను తగ్గించి మన్ననూరు నుంచి బస్సులు ఎక్కువ నడపడం. బండ్లు సగం తగ్గితే రోడ్డు వెడల్పు చేయాలన్న ఒత్తిడీ సగం తగ్గుతుంది. ఒకవేళ ఆ వంతెన వచ్చే తీరితే, కింద పాత దారిని అడవికి వదిలేయాలి. ఊళ్లలో ఉండే చెంచులకు, అక్కడి రైతులకు, కాలినడకన పోయే స్వాములకు తప్ప ఎవరికీ దాని మీద హక్కు ఉండకూడదు. సైకిల్ వాళ్లకు కూడా. బండ్లు లేని ఆ దారి మౌంటెన్ బైక్ తొక్కడానికి దేశంలోకెల్లా గొప్ప దారి అవుతుంది, నాకు తెలుసు. పర్యాటకం పేరుతో దాన్ని సైకిల్ దారి చేద్దామని అడిగేవాళ్లు రేపు తప్పకుండా వస్తారు. సైకిల్ తొక్కేవాడిగానే నేను ఆ కోరిక కోరవద్దని చెబుతున్నాను. మా తూర్పు వైపు పిల్లలకు సైకిల్ ట్రాక్ కావాలంటే మూసీ ఒడ్డున వేయమని అడుగుదాం, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా వేయమని అడుగుదాం. నల్లమలను అడగవద్దు.

ఆ వంతెన వచ్చేదాకా ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు కార్తీకం వెళ్లాక, మార్గశిరంలో వెళ్లండి. శని, ఆదివారాలు వద్దు. సలేశ్వరం జాతర జరిగే చైత్ర పౌర్ణమి రోజుల్లో అసలే వద్దు, అవి చెంచుల రోజులు. చెక్‌పోస్టులో పేరు చెప్పి, దారి ఎలా ఉందో అక్కడి సిబ్బందిని అడిగి, వాళ్లు వద్దంటే వెనక్కి రండి. చెత్తంతా సంచిలో మీతోనే తెచ్చుకోండి. శ్రీశైలంలో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున హైదరాబాద్ బస్సు ఎక్కండి. చక్రాలు విప్పి కట్టేస్తే, డిక్కీలో చోటుంటే సైకిల్ పడుతుంది. కండక్టర్‌ను మర్యాదగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.